సూటివారు ల్యాబును కాపాడిన వైనం

సూక్ష్మంపాడులో తెలివైనవాళ్ళు ఎవరని అడిగితే సూటివారింట్లో నలుగురూ ఒకేసారి చెయ్యెత్తుతారు. అడక్కపోయినా ఎత్తుతారు. పక్కింటావిడ గిద్దెడు కందిపప్పు బదులు అడగడానికి వచ్చినా సరే, ముందు వాళ్ళ తెలివి సంగతంతా విని, ఆ తరవాతే పప్పు పుచ్చుకుని పోవాలి.

"లోకంలో జనం ఒక మాట వింటే రెండు అర్థం చేసుకుంటారమ్మా. వాళ్ళ కొంప ముంచేది అదే" అంటాడు ఇంటిపెద్ద చలమయ్య, తన బట్టతల నిమురుకుంటూ. "మేం ఒక మాట వింటే ఒకటే అర్థం చేసుకుంటాం. చెప్పినదానికి రవ్వంత ఎక్కువ చెయ్యం, రవ్వంత తక్కువ చెయ్యం."

"తక్కువ అసలే చెయ్యం" అంటుంది భార్య మాణిక్యమ్మ.

"ఎక్కువ కూడా చెయ్యం వదినా" అంటాడు చలమయ్య తమ్ముడు కోటిలింగం.

"ఆ ముక్క బావ ముందే అన్నాడుగా!" అంటాడు మాణిక్యమ్మ అన్న పేరయ్య. చెల్లెలి పెళ్ళికి వచ్చినప్పుడు ఎవరో మర్యాదకి "ఉండండి, వెళ్దురుగాని" అన్నారు. ఉన్నాడు. వెళ్ళమని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. పెద్దవాళ్ళు ఏదైనా చెబితే "ఎందుకు" అని అడక్కూడదు. అడిగినవాళ్ళకి ఆ పూట మజ్జిగ లేదు. తాతల కాలం నించీ అంతే. అన్నంలో చివరి ముద్ద మజ్జిగ లేకుండా ఎవరికి దిగుతుంది చెప్పండి? అందుకని ఆ వంశంలో ఎవరూ నోరు విప్పి ఎందుకని అడిగిన పాపాన పోలేదు. మనుషుల్ని మొద్దుల్ని చెయ్యడానికి చింతబరికెలు అక్కర్లేదు, గ్లాసుడు మజ్జిగ చాలు.

ఈ చలమయ్య ఊరి హైస్కూల్లో ల్యాబ్ అటెండరు. ఉద్యోగం ఒకడిదే, చేసేది మాత్రం నలుగురూ. ఒకరి తెలివి సరిపోదని కాదు, మిగిలిన ముగ్గురి తెలివీ ఇంట్లో వృథా అయిపోతుందని.

ఆ ల్యాబ్ ఊరికే రాలేదు. వకుళ టీచరమ్మ ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, చెప్పులరిగేలా తిరిగి తెచ్చింది. "ఆడపిల్లలకి గాజుగొట్టాలెందుకమ్మా, చేతికి గాజులు చాలవా" అని ఓ పెద్దమనిషి కుర్చీలో ఊగుతూ నవ్వితే, "మీ ఇంట్లో మగపిల్లలకి చాలితే మా ఆడపిల్లలకీ చాలుతాయి లెండి" అని అక్కడే కూర్చుని సంతకం పెట్టించుకునిగానీ లేవలేదు. అంతకు ముందు ఆ బళ్ళో సైన్సంటే ఏముంది? "ఇప్పుడు ద్రావణం నీలం రంగులోకి మారుతుంది" అని నల్లబల్ల మీద తెల్ల సుద్దముక్కతో రాయడం, పిల్లలు దాన్ని పెన్సిల్‌తో ఎక్కించుకోవడం. ఇప్పుడు నిజంగా నీలం రంగు చూస్తున్నారు. చూసి కేకలు పెడుతున్నారు.

అలాంటి సమయంలో ఎక్కడో పక్క జిల్లా బళ్ళో ఎవరో పిల్లవాడి చెయ్యి కాలింది. ఇంకేముంది, పైనించి ఆర్డరు దిగింది. ఆఫీసరమ్మ త్రిపురాంబ గారు ఊరూరా తిరిగి ల్యాబులు చూస్తుంది. జాగ్రత్తగా ఉంటే సరే. లేకపోతే సామానంతా అప్పటికప్పుడే జీపెక్కించి టౌనుకి పట్టుకుపోతుంది. అంటే సూక్ష్మంపాడు పిల్లలకి మళ్ళీ తెల్ల సుద్దముక్కతో నీలం రంగే గతి.

ఆవిడ వచ్చే రోజు వకుళ టీచరమ్మ మెయిన్ రోడ్డు దాకా ఎదురు వెళ్ళాలి. జీపు దారి తప్పితే ఆ చిరాకు కూడా ల్యాబ్ మీదే చూపిస్తారు మరి. వెళుతూ వెళుతూ సూటివారిని పిలిచి, గుక్కతిప్పుకోకుండా చెప్పింది:

"పేరు లేని సీసా ఒక్కటి కూడా కనిపించకూడదు. బకెట్ల నిండా ఇసుక ఉండాలి. దీపం వెలిగిస్తే దాన్ని ఒంటరిగా వదిలి పోకూడదు. లోపల ఎవరున్నా కళ్ళద్దాలు పెట్టుకోవాలి, జుట్టు కట్టుకోవాలి. లోపలున్నంతసేపూ నోట్లో ఏమీ ఉండకూడదు. సరేనా?"

"సరేనమ్మగారూ" అన్నారు నలుగురూ.

"ఏమైనా అడగాలా?"

నలుగురూ బెదిరిపోయి తలలు అడ్డంగా ఊపారు. మధ్యాహ్నం భోజనం ఇంకా కాలేదు కదా, మజ్జిగ మాటేమిటి?

టీచరమ్మ అలా వెళ్ళింది. వీళ్ళిలా ల్యాబ్‌లో దిగారు.

మొదట సీసాలు. టీచరమ్మ అన్నిటికీ ముత్యాల్లాంటి అక్షరాలతో పేర్లు రాసి అంటించే ఉంచింది. మూల మాత్రం మూడు ఖాళీ సీసాలున్నాయి, కడిగి బోర్లించినవి. అవి తీసి బయట పెట్టమని ఆవిడ ఉద్దేశం. కానీ ఉద్దేశాలు సూటివారి చెవుల్లోకి దూరవు, మాటలే దూరతాయి.

"అయ్యో పాపం, వీటికి పేర్లే పెట్టలేదే!" అంది మాణిక్యమ్మ.

"పెడదాం" అన్నాడు చలమయ్య.

"ఊరికే పెట్టేస్తారా? ఓ పద్ధతీ పాడూ లేదూ?"

అంతే. ఇంటికెళ్ళి పాత చీర తెచ్చి కిటికీకీ బీరువాకీ మధ్య ఉయ్యాల కట్టారు. మూడు సీసాలకీ పసుపు రాసి బొట్లు పెట్టి ఉయ్యాల్లో పడుకోబెట్టారు. "మేనమామని నేను, ముందు నేను ఊపాలి" అని పేరయ్య. "బాబాయిని నేను లేనా" అని కోటిలింగం. ఆ లాగులాటలో సీసాలు గలగలమన్నాయి. "చూశారా, పిల్లలు ఏడుస్తున్నారు, మీ గొడవలు బయట పెట్టుకోండి!" అని మాణిక్యమ్మ ఇద్దర్నీ కసిరింది. తరవాత ఒక్కొక్క సీసా మూతి దగ్గర నోరు పెట్టి పేరు చెప్పారు. లావుపాటిదానికి బుచ్చయ్య. సన్నదానికి తాయారు. మూడోదానికి మెడ ఓ పక్కకి వంగి ఉంది.

"అచ్చం మీ మేనత్త గవరమ్మే" అంది మాణిక్యమ్మ మొగుడితో.

"మా మేనత్త మెడ వంకరా?"

"మెడ మాత్రమేనా?"

"సరేలే, గవరమ్మే పెట్టు."

తరవాత ఇసుక. ఏటి గట్టునించి మోసుకొచ్చి రెండు బకెట్లు నింపారు. గుప్పెడు తక్కువైందని కోటిలింగం మళ్ళీ వెళ్ళి గుప్పెడు తెచ్చాడు. తెచ్చి, ఇక ఒక్క రేణువు కిందపడినా ఊరుకోనని బకెట్ల మధ్య చేతులు చాపుకుని నించున్నాడు.

తరవాత దీపం. స్పిరిట్ దీపం బల్ల మీద చల్లగా, ఆరిపోయి, తన మానాన తను ఉంది.

"వెలిగిస్తే ఒంటరిగా వదలకూడదన్నారు" అన్నాడు పేరయ్య.

"వెలిగించకపోతే వదలకుండా ఎలా ఉంటాం?" అన్నాడు చలమయ్య.

ఇది నలుగురికీ బాగా నచ్చింది. వెలిగించారు. దానికి తోడుగా కోటిలింగాన్ని వేశారు. వాడు బకెట్లని వదల్లేక వదల్లేక వదిలి, దీపం ముందు బాసింపట్టు వేసుకుని కబుర్లు మొదలుపెట్టాడు. "మా అన్నయ్యకి గుండు చిన్నప్పటినించీ లేదు. పెళ్ళయ్యాకే వచ్చింది. వదినతో అనకేం" అని గుసగుసలాడాడు. దీపం రెపరెపలాడింది. "చూశావా, నవ్వుతోంది" అన్నాడు.

గుండనగానే అందరికీ జుట్టు సంగతి గుర్తొచ్చింది. మాణిక్యమ్మకి నడుం దాటిన జడ. కోటిలింగానికీ పేరయ్యకీ వేలెడు జుట్టు, దారం పెట్టి పిలకలు కట్టేశారు. చలమయ్యకి? ఏముందని కడతారు?

"జుట్టు కట్టుకోవాలన్నారు. ఎవరి జుట్టని చెప్పలేదుగా" అన్నాడు పేరయ్య.

ఆహా, ఏం తెలివి! వెంటనే మాణిక్యమ్మ జడ కొస తీసి చలమయ్య తల చుట్టూ తలపాగాలా చుట్టి గడ్డం కింద ముడేశారు. దాంతో ఆలుమగలిద్దరూ ఒకే గాటికి కట్టిన ఎడ్ల జతలా తయారయ్యారు. ఆవిడ అటు తిరిగితే ఈయన అటు, ఈయన తుమ్మితే ఆవిడకి కుదుపు.

"కాస్త మెల్లిగా నడవండి, మాడు పీకుతోంది!"

"నువ్వు కాస్త పొట్టిగా ఉండవే, మెడ పట్టేస్తోంది!"

తరవాత నోరు. పేరయ్య తాంబూలం ఉమ్మొచ్చాడు. కోటిలింగం బుగ్గన దాచుకున్న చింతపిక్క తీసి జేబులో వేసుకున్నాడు. అంతటితో అయిపోయేదే. కానీ మాణిక్యమ్మ ఉన్నట్టుండి గుండెల మీద చెయ్యేసుకుంది.

"నాలిక!"

నలుగురూ మొహమొహాలు చూసుకున్నారు. నిజమే కదా, నాలిక నోట్లోనే ఉంది.

"పళ్ళో?" అన్నాడు కోటిలింగం బుగ్గ పట్టుకుని.

"ఇప్పుడు పీకించుకోడానికి టైం లేదు. ఆఫీసరమ్మ అడిగితే రేపు పీకిస్తామని చెబుదాం. ముందు నాలికలు బయట పెట్టండి."

అంతే, నలుగురూ నాలికలు బారుగా వేలాడేశారు. అయితే నాలిక బయటుంటే మాట రాదాయె. మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా వరండాలోకి పరుగెత్తడం, నాలిక లోపల పెట్టుకోవడం, ముక్క మాట్లాడటం, మళ్ళీ నాలిక బయటపెట్టి లోపలికి రావడం. మొగుడూ పెళ్ళాం జడతో సహా. కోటిలింగం దీపంతో సహా, దాన్నొక్కదాన్నీ వదలకూడదు కదా!

ఇక మిగిలింది కళ్ళద్దాలు. లోపల ఎవరున్నా పెట్టుకోవాలి. నలుగురూ పెట్టుకున్నారు. మూల కొయ్యకి వేలాడుతున్న అస్థిపంజరానికి పెట్టారు. ముక్కు లేక జారిపోతుంటే తాడుతో కట్టారు. ఇంక ఎవరూ లేరనుకుని ఊపిరి పీల్చుకునేంతలో గోడ మీద బల్లి "టిక్ టిక్" మంది.

నలుగురూ వరండాలోకి ఉరికారు.

"బల్లికి లేవు!"

"అది లోపలే ఉంది!"

"ఆఫీసరమ్మ చూస్తే మన టీచరమ్మ గతేంటి? ల్యాబ్ గతేంటి?"

మళ్ళీ నాలికలు బయటపెట్టి లోపలికి ఉరికారు. పేరయ్య కళ్ళద్దాలు పట్టుకుని బల్ల ఎక్కాడు. బల్లి బీరువా ఎక్కింది. పేరయ్య బీరువా ఎక్కాడు. బల్లి అస్థిపంజరం భుజం మీదికి దూకింది. చలమయ్య దాని మీదికి దూకాడు, జడ వెంట మాణిక్యమ్మ కూడా దూకక తప్పలేదు. ముగ్గురూ కావిలించుకుని కిందపడ్డారు. ఎముకలెవరివో, ఎవరి చెయ్యి ఎక్కడుందో తేల్చుకునేసరికి బల్లి కిటికీ తెర వెనక దూరింది. అక్కడ చీకటి. పేరయ్య దీపం తెమ్మని చేత్తో సైగ చేశాడు. కోటిలింగం తెచ్చాడు. తెర కిందికి పెట్టి వంగి చూశాడు.

ఇంకేముంది! తెర అంటుకుంది.

నలుగురూ వరండాలోకి పరుగెత్తి నాలికలు లోపల పెట్టుకున్నారు.

"తెర అంటుకుంది!"

"చూశాం!"

"ఇసుక పోద్దామా?"

"పోస్తే బకెట్ తగ్గిపోదూ? నిండా ఉండాలని కదా చెప్పింది!"

"నీళ్ళో?"

"నీళ్ళ మాటే ఎత్తలేదు. చెప్పనిది చేస్తామా?"

"మరి తెర?"

"తెర గురించి కూడా ఏం చెప్పలేదుగా."

సరిగ్గా అప్పుడు జీపొచ్చి ఆగింది. వకుళ టీచరమ్మ దిగింది. ఆవిడ వెనకాలే త్రిపురాంబ గారు. ఎదురుగా వరండాలో పిలకలు కట్టుకున్న మగవాళ్ళిద్దరు, ఒకే జడకి కట్టిన మొగుడూ పెళ్ళాం, నలుగురికీ కళ్ళద్దాలు, ఒకడి చేతిలో దీపం, వెనకాల కిటికీలోంచి పొగ.

"దయచెయ్యండమ్మా" అన్నాడు చలమయ్య. "అన్నీ టీచరమ్మ చెప్పినట్టే ఉన్నాయి."

ఆడవాళ్ళిద్దరూ లోపలికి పరుగు తీశారు. వకుళ ఒక బకెట్ అందుకుంది. త్రిపురాంబ గారు రెండోది అందుకోబోతే కోటిలింగం దీపాన్ని పేరయ్య చేతిలో పెట్టి బకెట్‌ని రెండు చేతులా కావిలించుకున్నాడు. నాలిక వేలాడేసి తల అడ్డంగా ఊపుతున్నాడు. అవతల పేరయ్య ఆవిడ వెనకాల కళ్ళద్దాలు పట్టుకుని "ఆఁ ఆఁ" అంటూ ముక్కు మీదికి తోస్తున్నాడు.

"వదులు!" అని ఆఫీసరమ్మ గర్జించింది. వదిలాడు. పాపం, మంచివాడే. చెబితే చేస్తాడు.

రెండు బకెట్ల ఇసుకా పడింది. మంట ఆరింది. తెర సగం బూడిదైంది. వకుళ దీపం లాక్కుని మూత పెట్టి, చలమయ్య గడ్డం కింద ముడి విప్పి మొగుణ్ణీ పెళ్ళాన్నీ వేరుచేసింది. త్రిపురాంబ గారు ఆయాసపడుతూ చుట్టూ చూసింది. చీర ఉయ్యాల కనిపించింది.

"అదేమిటి?"

మాణిక్యమ్మ నవ్వు మొహంతో వరండాలోకి పరుగెత్తి, కిటికీలోంచి జవాబు చెప్పింది: "బుచ్చయ్య, తాయారు, గవరమ్మ!"

"సామాను జీపెక్కించండి" అంది ఆఫీసరమ్మ.

వకుళ మొహం సుద్దముక్కలా పాలిపోయింది. అయినా వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నించుంది.

"మేడమ్, తప్పు నాది. వీళ్ళకి ఏం చెయ్యాలో చెప్పాను, ఎందుకో చెప్పలేదు. పిల్లలకి మాత్రం ఎందుకో చెప్పకుండా ఏదీ చెప్పను. ఎవర్నయినా అడగండి. ఒక్కళ్ళు తప్పు చెప్పినా సామాను నేనే మోసి జీపులో పెడతాను."

ఈ గోలకి బడి బడంతా కిటికీల దగ్గర మూగింది. త్రిపురాంబ గారు ఎర్ర రిబ్బను కట్టుకున్న పిల్లని వేలితో చూపించింది. ఆ పిల్ల పేరు సంపూర్ణ.

"ఏయ్ అమ్మాయ్, ల్యాబ్‌లో నోట్లో ఏమీ పెట్టుకోకూడదని ఎందుకన్నారు?"

"చేతికి మందులు అంటుకుని ఉంటాయి మేడమ్. ఆ చేత్తో జీళ్ళు తింటే మందు కూడా కడుపులోకి పోతుంది." కాస్త ఆగి, చలమయ్య వంక జాలిగా చూసింది. "నాలిక లోపలే ఉంచుకోవచ్చు తాతా."

"జుట్టెందుకు కట్టుకోవాలి?"

"వంగినప్పుడు దీపంలో పడకుండా."

"పేరు లేని సీసా ఎందుకు పనికిరాదు?"

"నీళ్ళలా ఉన్నవన్నీ నీళ్ళు కావు కదండీ."

ఇంకో పిల్లని అడిగింది, ఇంకో పిల్లవాణ్ణి అడిగింది. ఎవరూ తడుముకోలేదు. సూటివారు మాత్రం వరండాలో కళ్ళు తుడుచుకుంటున్నారు.

"అన్ని ఎందుకులు చెప్పేసింది. ఆ ఎర్ర రిబ్బను పిల్లకి జన్మలో మజ్జిగ రాదే" అంది మాణిక్యమ్మ.

త్రిపురాంబ గారి మొహంలో బిగువు సడలింది. "గది బాగానే ఉంది. సామాను బాగానే ఉంది. పిల్లలు నాకంటే బాగున్నారు. ప్రమాదం ఎక్కడుందో తెలిసిపోయింది" అని సూటివారిని లోపలికి పిలిచి వరసలో నించోబెట్టింది. "షరతు ఒక్కటే. ఈ నలుగురి పాదాలూ ఈ గది నేలకి తగలకూడదు. తగిలాయో, ల్యాబ్ టౌనుకి పోయినట్టే. నేను కాయితాల మీద సంతకం పెట్టి వచ్చేసరికి ఈ ఇసుకంతా ఊడ్చేసి ఉండాలి. అప్పటిదాకా ల్యాబ్ తాళంచెవి నా దగ్గరే ఉంటుంది, ఊడ్చాక ఇస్తాను."

ఊడ్చేది పిల్లలని ఆవిడ ఉద్దేశం. ఉద్దేశం సంగతి ముందే చెప్పాను కదా.

ఆవిడ ఆ మాట అన్న క్షణాన నలుగురి పాదాలూ ఆ నేలకే తగిలి ఉన్నాయి. కెవ్వుమని నలుగురూ బల్లలెక్కి, బల్లల మీదినించి కిటికీల్లోకి, కిటికీల్లోంచి బయటికి దూకారు. ఆడవాళ్ళిద్దరూ హెడ్మాస్టరు గదిలోకి టీ తాగడానికి వెళ్ళారు. "పదండి పదండి, క్లాసులకి పదండి" అని పంతుళ్ళు పిల్లల్ని తోలుకుపోయారు.

సూటివారు గోడ వారన గుండ్రంగా కూర్చున్నారు. వాళ్ళు బతుకులో ఎప్పుడూ అంత దిగులుపడలేదు. టీచరమ్మంటే వాళ్ళకి ప్రాణం. జ్వరమొస్తే జావ పంపే మనిషి. ఆవిడ ల్యాబ్ ఇప్పుడు తమ పాదాల్లో ఉంది.

"ఊడవాలి" అన్నాడు చలమయ్య.

"పాదం తగలకూడదు" అన్నాడు కోటిలింగం.

"నేల మీద నడవకుండా ఊడ్చేదెవరు?" అంది మాణిక్యమ్మ.

నలుగురూ ఆలోచనలో పడి తలలు పైకెత్తారు. ఎదురుగా ల్యాబ్ కప్పు. పెంకుల కప్పు.

అంతే.

హెడ్మాస్టరు గదిలో త్రిపురాంబ గారు సంతకం పెట్టి కలం మూత పెట్టింది. సంతోషంతో వకుళ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు ఇంకా జారలేదు, బయట ధడధడమని చప్పుడు. ఇద్దరూ పరుగెత్తుకొచ్చి ల్యాబ్ తలుపు తోశారు.

లోపల ఎంత వెలుతురు! కప్పు లేదు. పైన ఆకాశం, ఆకాశంలో ఓ గద్ద. పెంకులన్నీ ఊడబీకి గోడ వెంట పొందికగా పేర్చారు. గోడల మీద పేరయ్య, కోటిలింగం, మధ్యన దూలం మీద మాణిక్యమ్మ. మగవాళ్ళిద్దరూ చెరోవైపు పట్టుకున్న బావిచేంతాడుకి, కాళ్ళు పైకీ తల కిందికీ, గబ్బిలంలా వేలాడుతూ చలమయ్య. చేతిలో చీపురు.

"కుడికి లాగన్నయ్యా! కాదు, నా కుడికి! అదిగో, బల్ల కింద రవ్వంత ఉండిపోయింది!" అని మాణిక్యమ్మ కేకలు. ఇటు లాగితే ఇటు ఊగి ఊడుస్తున్నాడు, అటు లాగితే అటు ఊగి ఊడుస్తున్నాడు. ఇసుకంతా గది మధ్యలో ఒక్క కుప్పగా చేరింది. నేల అద్దంలా ఉంది.

వకుళ రెండు చేతులూ పైకెత్తింది. "ఏమిటీ పిచ్చిపని! పడి చస్తారు! దిగండి ముందు!" అని అరిచింది.

దిగమన్నారు. ఎటువైపు దిగాలో చెప్పలేదు. పేరయ్యా కోటిలింగం తాడు వదిలేసి, మాణిక్యమ్మతో సహా ముగ్గురూ దిగారు, లోపలికే. దబ్బు దబ్బున ఇసుకకుప్ప మీద నలుగురూ వెల్లకిలా పడ్డారు. పడుతూనే కాళ్ళు నిట్టనిలువుగా పైకెత్తారు. ఒక్క పాదం కూడా నేలకి తగల్లేదు.

చలమయ్య ఆ పడుకున్నచోటినించే చేతులు జోడించాడు. "ఊడ్చేశామమ్మా. కాళ్ళు చూసుకోండి."

త్రిపురాంబ గారు కాళ్ళు చూసింది. ఆకాశం చూసింది. గద్దని చూసింది. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, తాళంచెవి వకుళ చేతిలో పెట్టింది.

"షరతు తప్పలేదమ్మా. పాదాల గురించి అన్నాను, కప్పు గురించి నేనేమీ అనలేదు. ల్యాబ్ మీదే. వాన రాకముందు పెంకులు నేయించుకోండి."

సంపూర్ణా వాళ్ళ క్లాసు మొత్తం వచ్చింది. తలవైపు కొందరు, కాళ్ళవైపు కొందరు పట్టుకుని, బల్లలు మోసినట్టు నలుగుర్నీ ఒక్కొక్కరినే మోసుకెళ్ళి వరండాలో దించారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. టీచరమ్మ నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. జీపు కదిలింది.

చలమయ్య లేచి దుమ్ము దులుపుకున్నాడు. చేతులు చూసుకున్నాడు. ఖాళీగా ఉన్నాయి.

"ఒరేయ్ కోటీ, చీపురు లోపలే ఉండిపోయిందిరా!"

గుమ్మం బార్లా తెరిచే ఉంది, చీపురు గుమ్మానికి మూరెడు దూరంలో పడి ఉంది. నలుగురూ దాని వంక ఒక్క చూపు చూసి, నిచ్చెన కోసం పరుగెత్తారు.